పక్క వేలు

ఈ నెలాఖరుకి ఏలియా గారు రిటైరవుతున్నారు.
శాలువా ఏ రంగుది కొనాలని ఆఫీసులో రెండ్రోజులుగా చర్చ.
నేను అంగన్‌వాడీ టీచర్ని, ఓటర్ల లిస్టు వరకే బీఎల్‌ఓని,
శాలువా దాకా నన్నెవరూ పిలవరు.
అందుకని ఇది రాసుకుంటున్నాను.

ఆయన్ని మొదట చూసింది చిట్టినగర్ కొండ మీద,
మే నెల, బెజవాడ ఎండ, రాయి రాయికీ సెగ.
ఎన్నికల డిప్యూటీ తహసిల్దారంటే
జీపు హారన్ ముందొస్తుందనుకున్నాను.
ఆయన పది మెట్లకోసారి ఆగి
గోడ మీద సుద్దతో అంకె వేస్తూ ఎక్కొస్తున్నారు.
నూట నలభై ఆరు.
చివరి మెట్టు మీద గేదెల పైడమ్మ ఇల్లు,
శ్రీకాకుళం నించి ముఠా పనికొచ్చిన మనిషి,
షుగరు ఒక పాదం పట్టుకుపోయింది.
"బూతు కింద బళ్ళో ఉంది, నువ్వెట్లా దిగుతావమ్మా?"
"పోయినసారీ దిగనేదు బాబూ, గవర్నమెంటు ఆగిపోనాదా?"
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.
సుద్దముక్క జేబులో వేసుకుని
ఆ అంకె కాగితం మీద పెట్టి పైకి రాశారు.
జవాబు రావడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ మధ్యలో ఫారం ఏడు కట్ట ఒకటి వచ్చింది,
రెండొందల పది మంది, అందరూ చనిపోయారట,
ఒకే పెన్ను, ఒకే వంకర.
"కవల పిల్లల్లా ఉన్నాయే ఈ సంతకాలు" అని
నన్ను వెంటేసుకుని కబేళా సెంటర్ దాకా నడిచారు.
వరస నంబరు నాలుగొందల పన్నెండు, మృతుడు,
షేక్ కాలేషా, మాకు టీ పోశాడు.
ఏలియా గారు గ్లాసులోకి కాసేపు చూసి
"పోయినోడి చేతి టీ, అల్లం బాగా పడింది" అన్నారు.
పదమూడేళ్ళలో ఆయన వేసిన జోకు అదొక్కటే.
కట్ట తిప్పి పంపారు.
ఆయన్ని అవనిగడ్డ పంపారు.
పదిహేను నెలలకి తిరిగొచ్చారు,
అదే టిఫిన్ క్యారేజీ, అదే చొట్ట.

బూతు కొండెక్కిన ఏడు
పైడమ్మని ఇద్దరు మనవలు కుర్చీతో సహా మోసుకొచ్చారు.
ఎడమ చూపుడు వేలు ఎప్పుడో బండి ఇరుసులో పోయింది.
సిరా పుల్ల పట్టుకుని పోలింగు కుర్రాడు బిక్కమొహం వేశాడు.
"పక్క వేలుంది కదయ్యా" అన్నారాయన,
"ఎడం చేతికి అసలు లేకపోతే కుడి చేతికి,
వేళ్ళే లేకపోతే మొండి చివర.
ఆ రూలు రాసినవాడెవడో
అందర్నీ తల్చుకునే రాశాడు."

మంచివాళ్ళ గురించి రాస్తే ఇక్కడ ఆపేస్తారు.
కరకట్ట పక్క ఇళ్ళు తీసేసిన ఏడు
యాభై ఏడు పేర్లు "తరలిపోయారు" అని కొట్టేసింది ఆయన సంతకమే.
తరలిన చోట ఎవరూ ఎక్కించలేదు.
పోలింగు రోజు ఎండలో నిలబడి,
లిస్టులో వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ జరుపుకుంటూ,
పేజీ అయిపోయాక
ఒక్క మాటా అనకుండా వెనక్కి పోయారట.
తిట్టి ఉంటే బావుండేదమ్మా, అన్నారోసారి.
అది కూడా బస్టాండులో, బస్సు కదిలే ముందు.

నిన్న పిలిచి నా చేతికో కాగితం ఇచ్చారు.
మడతల దగ్గర టేపు, మధ్యలో చాలా టిక్కులు.
"జక్కంపూడిలో కొందరు, తాడేపల్లిలో కొందరు,
ఆదివారాలు వెతికాను. ఇంకా పదకొండు."

శాలువా మెరూన్ రంగుదేనట, ఖాయమైంది.
నేను కాగితం చూస్తున్నాను.
తొమ్మిదో పేరు, ఉప్పాల జోజి.
వయసు గడిలో పందొమ్మిది అని ఉంది.
ఇప్పుడు ముప్పై దాటి ఉండాలి.